హోమ్‌స్టే యజమానులు – వస్తు సేవల పన్ను బాధ్యతలు

అరకు లోయ, లంబసింగి, కోనసీమ, తిరుపతి, హైదరాబాద్ వంటి ప్రాంతాలలో సొంత ఇంటిలోని గదులను పర్యాటకులకు, యాత్రికులకు రోజువారీ అద్దెకు ఇచ్చే కుటుంబాల సంఖ్య గత కొన్నేళ్లుగా పెరుగుతూ వస్తున్నది. మొబైల్ ఫోన్‌లోని బుకింగ్ యాప్‌ల ద్వారా అతిథులు నేరుగా ఇంటి ముంగిటికి వస్తున్నారు. హోటల్ నడపడం వేరు, ఇంట్లో రెండు గదులు ఇవ్వడం వేరు అని భావించే ఈ యజమానులకు పన్ను విషయంలో అనేక సందేహాలు ఉన్నాయి. చిన్న ఆదాయమే కదా, పన్ను వర్తించదని కొందరు అనుకుంటున్నారు. యాప్ వారే పన్ను కట్టేస్తున్నారు కనుక తమకు ఏ బాధ్యతా లేదని మరికొందరు అనుకుంటున్నారు. ఈ రెండు అభిప్రాయాలూ కొన్ని సందర్భాలలో సరైనవే, కొన్ని సందర్భాలలో పూర్తిగా పొరపాటు. రోజువారీ అద్దెపై పన్ను ఉన్నదా లేదా అనే ప్రశ్న కంటే, దానిని ఎవరు చెల్లించాలి అనే ప్రశ్నే ఇక్కడ ముఖ్యమైనది. ఆ బాధ్యత ఒకే సంవత్సరంలో, ఒకే ఇంటి విషయంలో ఒకరి నుంచి మరొకరికి మారిపోగలదు.

అమ్మకం పన్ను నుంచి జీఎస్టీ వరకు

తెలుగు ప్రాంతాలలో నేటికీ వ్యాపారులు ఈ పన్నును 'సేల్స్ ట్యాక్స్' అనే పిలుస్తారు. ఆ పేరుకు పాత చరిత్రే ఉంది. సాధారణ అమ్మకం పన్నును దేశంలో తొలిసారిగా ప్రవేశపెట్టినది మద్రాసు ప్రెసిడెన్సీ. 1939లో వచ్చిన ఆ చట్టం కోస్తా, రాయలసీమ జిల్లాలకు కూడా వర్తించింది. తరువాత 1957లో ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకం పన్ను చట్టం, 2005 ఏప్రిల్ 1 నుంచి విలువ ఆధారిత పన్ను (వ్యాట్) అమలులోకి వచ్చాయి. అయితే ఇవి వస్తువుల అమ్మకానికి సంబంధించినవి. గది అద్దె వస్తువు కాదు కనుక దానిపై పన్ను మరో దారిలో వచ్చింది. రాష్ట్రం 1987 నాటి విలాసాల పన్ను చట్టం కింద లగ్జరీ పన్ను వసూలు చేసేది. కేంద్రం 2011 మే నుంచి రోజుకు 1,000 రూపాయలు, అంతకు మించిన గదులపై సేవా పన్ను విధించింది. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను (జీఎస్టీ) అమలులోకి రావడంతో ఈ రెండూ అందులో విలీనమయ్యాయి. పేరు మారినా ప్రజల నోట మాత్రం 'సేల్స్ ట్యాక్స్ ఆఫీసు' అలాగే నిలిచిపోయింది.

ప్రస్తుత పన్ను రేట్లు

గది అద్దెపై జీఎస్టీ రేట్లు 2017 నుంచి పలుమార్లు మారాయి. ఒకప్పటి రేటును నేటికీ బోర్డుపై ఉంచుకున్న వసతి గృహాలు లేకపోలేదు కనుక ఈ మార్పులను గుర్తుంచుకోవడం అవసరం. తొలినాళ్లలో రోజుకు 1,000 రూపాయల లోపు గదులకు పన్ను ఉండేది కాదు. 2022 జూలై 18 నుంచి ఆ మినహాయింపును తొలగించి, వాటిని కూడా 12 శాతం పరిధిలోకి తెచ్చారు. 2025 సెప్టెంబరు 3న జరిగిన జీఎస్టీ మండలి 56వ సమావేశం సిఫారసు మేరకు అదే నెల 22 నుంచి, రోజుకు ఒక యూనిట్‌కు 7,500 రూపాయలు లేదా అంతకు తక్కువ అద్దె ఉన్న వసతిపై పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఇందులో రెండున్నర శాతం కేంద్రానికి, రెండున్నర శాతం రాష్ట్రానికి చెందుతుంది. 7,500 రూపాయలు దాటిన వసతిపై 18 శాతం పన్ను యథాతథంగా కొనసాగుతున్నది.

5 శాతం రేటుకు ఒక షరతు ఉంది. ఈ రేటు వర్తించే వసతికి ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ లభించదు. అంటే దుప్పట్లు, మంచాలు, ఏసీ, రంగులు, యాప్ కమీషన్ వంటి వాటిపై యజమాని చెల్లించిన జీఎస్టీని తాను కట్టవలసిన పన్నులో తగ్గించుకునే వీలు లేదు. క్రెడిట్ కావాలంటే 18 శాతం కట్టే ఐచ్ఛికం కూడా ఇవ్వలేదు. అతిథికి భారం తగ్గిన మాట నిజమే అయినా, కొత్తగా ఇంటిని తీర్చిదిద్దుకుంటున్న యజమానికి ఇది అంత లాభం కాదు.

రేటు నిర్ణయానికి బోర్డుపై రాసిన ధర కాక, ఆ రోజు వాస్తవంగా వసూలు చేసిన మొత్తమే ఆధారం. 2018 జూలై 27 నుంచి ఈ పద్ధతి అమలులో ఉంది. సంక్రాంతి మూడు రోజులు భీమవరం పరిసరాలలో గది దొరకడమే కష్టం. మామూలు రోజులలో 3,000 రూపాయలు ఉన్న గదికి ఆ రోజులలో 8,000 రూపాయలు తీసుకుంటే, ఆ మూడు రోజులకు 18 శాతం, మిగిలిన రోజులకు 5 శాతం వర్తిస్తాయి. సరిహద్దు దగ్గర తేడా మరీ ఎక్కువ. 7,500 రూపాయల గదికి పన్ను 375 రూపాయలు కాగా, మరో 100 రూపాయలు పెంచి 7,600 తీసుకుంటే పన్ను 1,368 రూపాయలు అవుతుంది. అదనపు మంచానికి, శుభ్రపరచడానికి తీసుకునే రుసుములు కూడా అద్దెలో భాగంగానే లెక్కకు వస్తాయి. తిరిగి ఇచ్చివేసే డిపాజిట్ మాత్రం లెక్కలోకి రాదు. అతిథి రాకుండా మానుకున్నప్పుడు ఉంచుకునే రద్దు రుసుముపై కూడా ఆ వసతికి వర్తించే రేటు ప్రకారమే పన్ను చెల్లించాలని కేంద్ర పరోక్ష పన్నుల, కస్టమ్స్ బోర్డు 2022 ఆగస్టులో స్పష్టం చేసింది.

'యూనిట్' అనే మాటకు కూడా ప్రాధాన్యం ఉంది. మూడు పడక గదుల ఇంటిని మొత్తంగా ఒకే కుటుంబానికి రోజుకు 9,000 రూపాయలకు ఇస్తే ఆ ఇల్లే ఒక యూనిట్. దానిపై పన్ను 18 శాతం. అదే ఇంటిలోని గదులను విడివిడిగా ముగ్గురు అతిథులకు 3,000 చొప్పున ఇస్తే ఒక్కొక్క గది ఒక యూనిట్ అవుతుంది, పన్ను 5 శాతమే.

పన్ను ఎవరు చెల్లించాలి?

ఇంటి యజమానులలో అధికశాతం మందికి అవసరమైన సమాచారం ఇదే. జీఎస్టీ చట్టంలోని సెక్షన్ 22 ప్రకారం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో సేవలు అందించే వ్యక్తి వార్షిక టర్నోవర్ 20 లక్షల రూపాయలు దాటితే రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. దాటని వారు తీసుకోనవసరం లేదు. రిజిస్ట్రేషన్ లేని యజమాని అతిథికి నేరుగా, ఫోన్ ద్వారానో తెలిసిన వారి ద్వారానో గది ఇస్తే ఆ అద్దెపై జీఎస్టీ ఉండదు.

ఇదే గదిని యాప్ ద్వారా ఇస్తే పరిస్థితి మారుతుంది. చట్టంలోని సెక్షన్ 9(5), దాని కింద 2017 జూన్ 28న వెలువడిన 17వ నెంబరు నోటిఫికేషన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ బాధ్యత లేని యజమాని ఆన్‌లైన్ వేదిక ద్వారా ఇచ్చిన వసతికి ఆ వేదికే సేవ అందించినట్లుగా భావించి, పన్ను చెల్లించవలసిన బాధ్యతను వేదికపై ఉంచారు. ఆ వేదికకు దేశంలో కార్యాలయం లేకపోతే దాని ప్రతినిధి చెల్లించాలి. ఇక్కడ 20 లక్షల పరిమితి లేదు. మొదటి రాత్రి, మొదటి రూపాయి నుంచే పన్ను వర్తిస్తుంది.

అరకులో మూడు గదులు ఉన్న ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. గదికి 2,500 రూపాయల చొప్పున, ఏడాదిలో 100 రోజులు మూడు గదులూ నిండాయనుకుంటే వచ్చే మొత్తం 7 లక్షల 50 వేల రూపాయలు. ఇతర వ్యాపారం లేకపోతే రిజిస్ట్రేషన్ అవసరం లేదు. యాప్ ద్వారా వచ్చిన అతిథి 2,500తో పాటు 125 రూపాయల పన్ను కలిపి 2,625 రూపాయలు చెల్లిస్తాడు. ఆ 125 రూపాయలను యాప్ నిర్వాహకులు ప్రభుత్వానికి జమ చేస్తారు. నేరుగా వచ్చిన అతిథి 2,500 రూపాయలే ఇస్తాడు. పక్కపక్క గదులలో దిగిన ఇద్దరిలో ఒకరి బిల్లులో పన్ను ఉండి మరొకరి బిల్లులో లేకపోవడంపై ప్రశ్నలు వస్తుంటాయి. ఇందులో పొరపాటు ఏమీ లేదు, చట్టం నిర్దేశించినది అదే.

అయితే ఆ యజమానిపై మరో భారం ఉంటుంది. యాప్ నిర్వాహకులు తమ కమీషన్‌పై 18 శాతం జీఎస్టీ వసూలు చేస్తారు. కమీషన్ 15 శాతం అనుకుంటే 2,500 రూపాయల గదిపై 375 రూపాయలు, దానిపై పన్ను 67 రూపాయల 50 పైసలు. ఇది అతిథి చెల్లించే 125 రూపాయలకు సంబంధం లేనిది. గది అద్దెపై పన్నును, కమీషన్‌పై పన్నును ఒకటిగా భావించి, 'నా దగ్గర కోసుకున్నారు కనుక నా జీఎస్టీ కట్టేసినట్టే' అని అనుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

యజమాని టర్నోవర్ 20 లక్షలు దాటిన పిదప బాధ్యత అతనికి బదిలీ అవుతుంది. నోటిఫికేషన్‌లోనే ఈ మినహాయింపు ఉంది. రిజిస్ట్రేషన్ తీసుకోవలసిన యజమాని అందించే వసతికి వేదిక పన్ను కట్టదు, యజమానే అతిథి నుంచి వసూలు చేసి, రిటర్న్ దాఖలు చేసి చెల్లించాలి. తన జీఎస్టీ నెంబరును వేదికకు తెలియజేయడం కూడా యజమాని పనే. ఆ తరువాత వేదిక ఆ అద్దె నుంచి అర శాతాన్ని మూలంలో వసూలు చేసి (టీసీఎస్) ప్రభుత్వానికి జమ చేస్తుంది. 2018 అక్టోబరు 1న ఒక శాతంగా మొదలైన ఈ రేటు 2024 జూలై 10 నుంచి అర శాతానికి తగ్గింది. 2,500 రూపాయల గదిపై ఇది 12 రూపాయల 50 పైసలు. ఇది అదనపు పన్ను కాదు. యజమాని నగదు లెడ్జర్‌లోకి చేరుతుంది, కట్టవలసిన పన్నుకు వాడుకోవచ్చు. ఆదాయపు పన్ను కింద వేదికలు కోసే టీడీఎస్ వేరు. దానిని 2024 అక్టోబరు 1 నుంచి ఒక శాతం నుంచి 0.1 శాతానికి తగ్గించారు. దానికీ జీఎస్టీకీ సంబంధం లేదు.

20 లక్షల లెక్క ఎలా వేయాలి?

ఇబ్బందులు ఎక్కువగా ఇక్కడే ఎదురవుతున్నాయి. 20 లక్షలు అనేది హోమ్‌స్టే ఒక్కదాని ఆదాయం కాదు. ఒకే పాన్ నెంబరుపై దేశమంతటా ఆ వ్యక్తి చేసే సరఫరాలన్నింటి మొత్తం. యాప్ ద్వారా వచ్చిన అద్దె, నేరుగా వచ్చిన అద్దె, పన్ను మినహాయింపు ఉన్న సరఫరాలు కూడా ఇందులో కలుస్తాయి. యాప్ పన్ను కట్టిన అద్దె యజమాని టర్నోవర్‌లో లెక్కకు రాదనుకోవడం సరికాదు. ఖర్చులు పోగా మిగిలిన లాభం కాక, వచ్చిన మొత్తమే లెక్క. ఇంటిని ఒక కుటుంబానికి నివాసానికి నెలవారీ అద్దెకు ఇస్తే దానిపై పన్ను లేకపోయినా ఆ అద్దె టర్నోవర్‌లో చేరుతుంది. ఉద్యోగ జీతం మాత్రం చేరదు. విదేశాలలో ఉంటూ హైదరాబాద్‌లోని ఫ్లాట్లను బంధువుల ద్వారా రోజువారీ అద్దెకు ఇచ్చే తెలుగువారికి కూడా ఈ లెక్క వర్తిస్తుంది. పాన్ ఎవరిదైతే టర్నోవర్ వారిదే, తాళాలు ఎవరి చేతిలో ఉన్నా.

చిన్న వ్యాపారులు మరింత జాగ్రత్త వహించవలసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో వస్తువులు మాత్రమే అమ్మే వారికి రిజిస్ట్రేషన్ పరిమితి 40 లక్షల రూపాయలు. (తెలంగాణ ఈ పెంపును స్వీకరించలేదు, అక్కడ వస్తువులకూ 20 లక్షలే.) అమలాపురం దగ్గర 26 లక్షల అమ్మకాలు ఉన్న కిరాణా దుకాణదారుకు రిజిస్ట్రేషన్ అవసరం లేదు. అతడే గోదావరి గట్టున ఉన్న పెంకుటింటిని బాగుచేయించి పర్యాటకులకు ఇవ్వడం మొదలుపెట్టి, ఏడాదికి 3 లక్షలు సంపాదించాడనుకుంటే, అతడు ఇకపై 'వస్తువులు మాత్రమే' అమ్మేవాడు కాదు. 40 లక్షల వెసులుబాటు పోయి 20 లక్షల పరిమితి వర్తిస్తుంది. మొత్తం టర్నోవర్ 29 లక్షలు కనుక రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దాంతో ఇంటి అద్దెపైనే కాక దుకాణంలోని పన్ను వర్తించే సరుకులపై కూడా జీఎస్టీ లెక్కలు ప్రారంభమవుతాయి. మూడు లక్షల ఆతిథ్యం వల్ల ఇరవై ఆరు లక్షల దుకాణం పన్ను పరిధిలోకి వస్తుంది. కొత్తగా హోమ్‌స్టే ప్రారంభించే దుకాణదారులు, కాంట్రాక్టర్లు ముందుగా చూసుకోవలసిన విషయం ఇది.

సంవత్సరం మధ్యలో పరిమితి దాటినప్పుడు

హైదరాబాద్‌లో మూడు ఫ్లాట్లను రోజుకు 3,000 రూపాయల చొప్పున ఇచ్చే వ్యక్తి ఒక్కొక్కటి 250 రోజులు నింపగలిగితే ఏడాది మొత్తం 22 లక్షల 50 వేలు అవుతుంది. 20 లక్షలు దాటిన రోజు నుంచి 30 రోజుల లోపు రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలి. మొదటి ఏడాది పరిమితి దాటాక వచ్చిన 2 లక్షల 50 వేలపై 5 శాతం చొప్పున 12,500 రూపాయల పన్ను పడుతుంది. రిజిస్ట్రేషన్ కొనసాగినంత కాలం తదుపరి ఏడాది నుంచి మొదటి రూపాయిపైనే పన్ను ఉంటుంది. టర్నోవర్ అంతే ఉంటే అది 1,12,500 రూపాయలు. ఇది అతిథి చెల్లించవలసిన పన్ను. పరిమితి దాటిన సంగతి ఆలస్యంగా గుర్తించిన యజమాని వెళ్లిపోయిన అతిథులను అడగలేడు కనుక సొంత డబ్బు నుంచి కట్టవలసి వస్తుంది. దానిపై ఏడాదికి 18 శాతం వడ్డీ అదనం. రిజిస్ట్రేషన్ తీసుకోకపోవడానికి 10,000 రూపాయలు లేదా ఎగవేసిన పన్ను, ఏది ఎక్కువైతే అది జరిమానాగా విధించే అధికారం సెక్షన్ 122 కింద ఉన్నది.

ఆ మూడు ఫ్లాట్లు సొంతవి కాక, యజమానుల నుంచి నెలవారీ అద్దెకు తీసుకుని తిరిగి రోజువారీ అద్దెకు ఇస్తున్నవైతే పరిస్థితి మరింత క్లిష్టమవుతుంది. నివాస గృహాన్ని రిజిస్ట్రేషన్ ఉన్న వ్యక్తి తన వ్యాపారానికి అద్దెకు తీసుకుంటే, 2022 జూలై 18 నుంచి ఆ అద్దెపై 18 శాతం పన్నును రివర్స్ ఛార్జ్ పద్ధతిలో అద్దెకు తీసుకున్న వారే చెల్లించాలి. ఒక్కొక్క ఫ్లాటుకు 30,000 రూపాయల అద్దె అనుకుంటే నెలకు 90,000, దానిపై పన్ను 16,200, ఏడాదికి 1,94,400 రూపాయలు. 5 శాతం రేటుకు క్రెడిట్ లేదు కనుక ఇది పూర్తిగా ఖర్చే. అతిథుల నుంచి వసూలయ్యే 1,12,500 కంటే ఇది ఎక్కువ. ఇతరుల ఫ్లాట్లు అద్దెకు తీసుకుని ఈ వ్యాపారంలోకి దిగే యువత చాలామంది గది అద్దె, కరెంటు బిల్లు, కమీషన్ లెక్కవేసుకుంటారు గాని ఈ పద్దు వేసుకోరు. 19 లక్షల దగ్గర లాభంగా కనిపించిన వ్యాపారం 23 లక్షల దగ్గర నష్టంగా మారడానికి కారణం ఇదే.

కాంపోజిషన్ పథకం గురించి కూడా పలువురు అడుగుతుంటారు. 50 లక్షల లోపు టర్నోవర్ ఉన్న సేవాదారులకు 6 శాతంతో సరిపెట్టే ఆ పథకం, టీసీఎస్ వసూలు చేసే ఆన్‌లైన్ వేదికల ద్వారా సేవలు అందించే వారికి వర్తించదు. పైగా సాధారణ రేటే 5 శాతం అయినప్పుడు 6 శాతం పథకంలో చేరడంలో అర్థం లేదు. ఆ పన్నును అతిథి నుంచి విడిగా వసూలు చేయడానికి కూడా వీలుండదు. వేదికల జోలికి పోకుండా 7,500 దాటిన వసతిని నడిపే వారికి మాత్రమే అది పరిశీలించదగినది.

నివాసమా, వసతియా?

'ఇల్లు నివాస గృహమే కదా, నివాస గృహం అద్దెకు మినహాయింపు ఉంది కదా' అనే వాదన తరచుగా వినిపిస్తుంది. నివాస గృహాన్ని నివాసం కోసమే, రిజిస్ట్రేషన్ లేని వ్యక్తికి అద్దెకు ఇచ్చినప్పుడు మినహాయింపు ఉన్న మాట నిజం. రెండు రాత్రులు ఉండి వెళ్లే పర్యాటకుడు అక్కడ నివాసం ఏర్పరచుకోవడం లేదు. కట్టడం ఇల్లే అయినా అందించేది లాడ్జింగ్ సేవ. చికిత్స కోసం హైదరాబాద్ వచ్చి నెలల తరబడి ఉండే రోగుల కుటుంబాలు, ఉద్యోగార్థులు వంటి వారి విషయంలో మాత్రం 2024 జూలై 15 నుంచి ప్రత్యేక మినహాయింపు అమలులో ఉంది. ఒక వ్యక్తికి నెలకు 20,000 రూపాయలు మించకుండా, కనీసం 90 రోజులు ఎడతెగకుండా ఇచ్చే వసతికి పన్ను లేదు. ఈ రెండు షరతులూ నెరవేరాలి. 80వ రోజు ఖాళీ చేస్తే ఈ మినహాయింపు వర్తించదు.

తిరుపతి, శ్రీశైలం వంటి క్షేత్రాలలో మరో సందేహం కలుగుతుంది. ధార్మిక, మత సంస్థగా ఆదాయపు పన్ను చట్టం కింద నమోదైన ట్రస్టు, ప్రజలందరికీ తెరిచి ఉండే ఆలయ ప్రాంగణంలో రోజుకు 1,000 రూపాయల లోపు ఇచ్చే గదులకు జీఎస్టీ మినహాయింపు కొనసాగుతున్నది. 2022లో 1,000 రూపాయల లోపు గదులకు సాధారణ మినహాయింపు పోయినప్పుడు అమృత్‌సర్ స్వర్ణదేవాలయం వద్ద సరాయిల విషయంలో వివాదం చెలరేగగా, ఈ ప్రత్యేక మినహాయింపు యథాతథంగా ఉన్నదని, ఆలయ పరిసరాలలోని సత్రాలకు కూడా వర్తిస్తుందని కేంద్ర బోర్డు వివరణ ఇచ్చింది. అదే వీధిలో ఒక గృహస్థు 800 రూపాయలకు యాప్ ద్వారా ఇచ్చే గదికి మాత్రం 40 రూపాయల పన్ను పడుతుంది. యాత్రికునికి రెండూ సత్రం గదుల్లాగే కనిపించవచ్చు గాని చట్టం దృష్టిలో ఇచ్చేది ఎవరు అన్నదే ముఖ్యం.

బిల్లులు, రిటర్నులు

రిజిస్ట్రేషన్ లేని యజమాని బిల్లులో జీఎస్టీ పేరుతో ఒక్క రూపాయి కూడా వసూలు చేయరాదు. అలా వసూలు చేసిన మొత్తం ప్రభుత్వానికి జమ చేయవలసిందే. అతిథి కోరాడని తెల్ల కాగితంపై 'జీఎస్టీతో కలిపి' అని రాసి ఇవ్వడం కూడా తగదు.

రిజిస్ట్రేషన్ జీఎస్టీ పోర్టల్‌లో ఉచితంగా లభిస్తుంది. పాన్, ఆధార్, ఫొటో, ఇంటి పన్ను రశీదు లేదా కరెంటు బిల్లు, బ్యాంకు ఖాతా వివరాలు అవసరమవుతాయి. రిజిస్ట్రేషన్ ఉన్న ఖాతాదారులకు చేసే సరఫరాలపై పన్ను నెలకు రెండున్నర లక్షలు మించని దరఖాస్తుదారులు కోరుకుంటే మూడు పనిదినాలలో రిజిస్ట్రేషన్ ఇచ్చే సులభ విధానం 2025 నవంబరు 1 నుంచి ప్రారంభమైంది. హోమ్‌స్టే అతిథులు ఎక్కువగా వ్యక్తులే కనుక ఈ విధానం వారికి అనువైనది. నెంబరు వచ్చాక ధ్రువపత్రాన్ని ఇంటిలో కనిపించే చోట ఉంచి, నెంబరును బోర్డుపై రాయాలి.

5 కోట్ల లోపు టర్నోవర్ ఉన్నవారు మూడు నెలలకు ఒకసారి రిటర్న్ దాఖలు చేసే పద్ధతిని ఎంచుకోవచ్చు. జీఎస్టీఆర్-1 త్రైమాసికం ముగిసిన మరుసటి నెల 13వ తేదీలోగా, జీఎస్టీఆర్-3బి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 22వ తేదీలోగా దాఖలు చేయాలి. రిటర్న్ మూడు నెలలకొకసారి అయినా మొదటి రెండు నెలల పన్నును మాత్రం నెలనెలా కట్టాలి. లంబసింగిలో చలికాలం తప్ప అతిథులే రాని ఇళ్లు ఉన్నాయి. ఖాళీగా ఉన్న త్రైమాసికానికి కూడా 'నిల్' రిటర్న్ వేయవలసిందే. మరచిపోతే రోజుకు 20 రూపాయల చొప్పున గరిష్ఠంగా 500 రూపాయలు, పన్ను ఉన్న రిటర్న్ అయితే రోజుకు 50 చొప్పున, కోటిన్నర లోపు టర్నోవర్ వారికి గరిష్ఠంగా 2,000 రూపాయలు ఆలస్య రుసుము పడుతుంది.

అతిథి ఏ రాష్ట్రం నుంచి వచ్చినా, ఏ దేశం నుంచి వచ్చినా, ఇల్లు ఉన్న చోటే సేవ అందినట్లు లెక్క. కాబట్టి అరకులోని గదికి బెంగళూరు అతిథి నుంచి కూడా కేంద్ర, రాష్ట్ర జీఎస్టీలనే వసూలు చేయాలి. కర్ణాటకలో మాత్రమే రిజిస్ట్రేషన్ ఉన్న కంపెనీ ఉద్యోగి తన సంస్థ జీఎస్టీ నెంబరుతో బిల్లు అడిగితే ఇవ్వవచ్చు గాని ఆంధ్రప్రదేశ్‌లో కట్టిన ఆ పన్నుకు ఆ సంస్థ క్రెడిట్ పొందలేదు. గదితో పాటు ఒకే ధరకు అల్పాహారం ఇస్తే గదికి వర్తించే రేటే మొత్తానికి వర్తిస్తుంది.

పర్యాటక శాఖ వద్ద హోమ్‌స్టేగా నమోదు కావడం, జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవడం రెండు వేర్వేరు విషయాలు. కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ పథకంలో యజమాని కుటుంబం నివసిస్తున్న ఇంటిలో ఒకటి నుంచి ఆరు గదుల వరకు హోమ్‌స్టేగా గుర్తిస్తారు. ఆ గుర్తింపు ఉన్నంత మాత్రాన జీఎస్టీ నుంచి మినహాయింపు రాదు, లేనంత మాత్రాన పన్ను బాధ్యత తొలగదు.

లెక్కల పుస్తకాలు, అతిథుల రిజిస్టరు, యాప్ నుంచి వచ్చే నెలవారీ చెల్లింపు పట్టికలను ఆయా సంవత్సరపు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి ఆరు సంవత్సరాలు భద్రపరచాలి. రిజిస్ట్రేషన్ లేని యజమాని కూడా ఏప్రిల్ నుంచి ప్రతి నెలా వచ్చిన మొత్తాన్ని ఒక పుస్తకంలో రాసుకుంటూ ఉంటే 20 లక్షల గీత ఎంత దూరంలో ఉన్నదో ముందే తెలుస్తుంది. టర్నోవర్ తగ్గి పరిమితి లోపలికి వచ్చినవారు, గదులు ఇవ్వడం మానుకున్నవారు పోర్టల్‌లో ఆర్ఈజీ-16 ఫారం ద్వారా రిజిస్ట్రేషన్ రద్దుకు దరఖాస్తు చేసుకోవచ్చు. రద్దు ఉత్తర్వు వచ్చిన మూడు నెలలలోగా జీఎస్టీఆర్-10 తుది రిటర్న్ దాఖలు చేయాలి. ఆ తరువాత యాప్ ద్వారా గదులు ఇచ్చేవారు తమ రిజిస్ట్రేషన్ రద్దయిన విషయాన్ని వేదికకు తెలియజేయాలి. అప్పటి నుంచి ఆ అద్దెపై పన్ను చెల్లించే బాధ్యత తిరిగి వేదికకు వస్తుంది.